పెద్దసారు అనని మాట

ఒకరికి అందజేయమని నాకిచ్చిన మాటను నేను ఏళ్ళ తరబడి నా దగ్గరే పెట్టుకున్నాను. ఊరికే పెట్టుకోలేదు, దాని బదులు ఇంకో మాట అందించాను. పైకి చూస్తే ఇంతే. దొంగతనం కాదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఇందుకు నన్ను పట్టుకుపోయే చట్టమేదీ లేదు. మరి ఇంత బరువెందుకు? మొదటి షిఫ్టు సైరన్‌కు మెలకువ రావడం, వచ్చీరాగానే ఆ మాట గుర్తుకు రావడం, టీ తాగేలోగా దాన్ని ఎట్లాగో పక్కకు నెట్టడం నాకు పళ్ళు తోముకున్నంత మామూలు పనైపోయింది. ఈ మధ్య నెట్టినా పోవడం లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే ధైర్యంగా ఉంది.

నా పేరు అక్కర్లేదు. మాది మంథని. తాతలు గుడి చూసుకున్నారు, నాన్న బడిపంతులు. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, లెక్చరర్ ఉద్యోగం కోసం తిరిగిన చోటల్లా తిరిగి, చివరికి గోదావరిఖనిలో ఒక బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాను. మంథని వాణ్ణి కాబట్టి కార్మికులు నన్ను 'పంతులు' అనేవాళ్ళు. ఆఫీసుకు ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా, ఏ దొర వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. జీతం సంగతి పక్కన పెట్టండి. ఆ ఊళ్ళో నాకంటూ ఉన్నదల్లా ఆ ఇంగ్లీషు ముక్కలే.

బొగ్గు గనుల్లో ఏడాదికోసారి రక్షణ వారోత్సవాలు జరుగుతాయి. వేరే ఏరియాల నుంచి అధికారుల బృందం ఒకటి వచ్చి, గని దిగి చూసి, లోపాలు రాసుకుని, పైకి వచ్చాక షామియానా కింద కూర్చుంటుంది. అప్పుడు కార్మికులు పాటలు పాడాలి, నాటిక వెయ్యాలి. జాగ్రత్తగా పనిచేస్తే క్షేమంగా ఇంటికి చేరతావు, లేకపోతే లేదు అన్నదే అన్ని నాటికల్లోనూ కథ. ఏ గని నాటికకు మొదటి బహుమతి వస్తే ఆ గని మేనేజర్ వారం రోజులు నవ్వుతూ కనబడతాడు. మా గనికి నాటిక రాసే పని నా మీద పడింది. పడింది అని ఎందుకంటున్నాను? నేనే పైన వేసుకున్నాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో ఒక చలికాలం నేను రాసిన నాటికలో 'ప్రమాదుడు' అని ఒక పాత్ర ఉంది. నల్ల గొంగడి కప్పుకుని వచ్చి, "ఓరీ మానవాధమా! నీ అజాగ్రత్తయే కదా నా ఆహారము!" అని గర్జిస్తాడు. అట్లాంటి మాటలు ఇంకో నాలుగు పేజీలు. రాసుకుని నాకు నేనే పైకి చదువుకుని మురిసిపోయాను. ఆ వేషం ఓదెలుకు ఇచ్చారు.

ఓదెలు సపోర్ట్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కిందికి రాకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. గోదావరి ఒడ్డు పల్లెలో నాగలి పట్టుకోవలసిన కుటుంబం, తండ్రి కాలంలో గనికి మళ్ళింది. అతని అన్న పోశం కూడా మా గనిలోనే చేసేవాడు. ఈ నాటికకు కొన్నేళ్ళ ముందు పైకప్పు కూలి చనిపోయాడు. ఆ సంగతి గనిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఈ చివరి మాటను గుర్తు పెట్టుకోండి.

ఓదెలును మీకు చూపించాలంటే ఎట్లా? బొగ్గులోకి దిగే మనిషి, డ్యూటీకి పెండ్లికి పోతున్నట్టు వచ్చేవాడు. మెడలో ఎర్ర దస్తీ, చొక్కా చేతులు మోచేతి దాకా మడత, హెల్మెట్ ఎడమకు కొంచెం వంపు. హాజరు వేయించుకునే వరుసలో అతను నడిచి వస్తుంటే వెనకాలున్న వాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. అందులో ఎగతాళి కొంత, సంబరం చాలా. "మా షోకిల్లా వచ్చిండా?" అని అతని భార్య లక్ష్మి గేటు దగ్గర అడుగుతుంటే విన్నాను. తిట్టినట్టే ఉండేది, కళ్ళు మాత్రం తిట్టేవి కావు. ఏదో చిన్న సంగతి చెప్పాలన్నా అతను ఒక అడుగు వెనక్కి వేసి, చెయ్యి గాలిలో తిప్పి, ఆగి, అప్పుడు చెప్పేవాడు. అప్పటికి సగం మంది పని ఆపి వినేవాళ్ళు.

నాకు అతనంటే పడేది కాదా? అదేం లేదు. నవ్వు వచ్చేది. నవ్వాక కొంచెం చికాకు వచ్చేది. ఏం చదువుకున్నాడని ఇంత టెక్కు అనిపించేది. ఆ చికాకు అప్పుడే ఉందా, తర్వాత నేను కల్పించుకున్నానా అని చాలాసార్లు తరచి చూసుకున్నాను. అప్పుడే ఉంది.

రిహార్సల్స్‌లో ఓదెలు నా మాటలు బుద్ధిగా అప్పజెప్పాడు. 'మానవాధమా' దగ్గర నాలుక తడబడేది. ఎవరో నవ్వితే తనూ నవ్వి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను సరిదిద్దుతూనే ఉన్నాను. కార్యక్రమం రోజు వేదిక పక్కన గొంగడి మడతపెట్టి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

అతను వెనక్కి నడుచుకుంటూ వేదిక మీదికి వచ్చాడు. జనానికి వీపు. దువ్వెన తీసి మెల్లగా జుట్టు దువ్వుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు, అందులో ఒక పుంజు ఈక గుచ్చి ఉంది. అప్పుడు తిరిగాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర దస్తీ, తెల్లటి కాన్వాసు బూట్లు. షామియానా కింద ఒకటే ఈలలు.

"నన్ను గుర్తువట్టిన్రా?" అన్నాడు. "పట్టరు. దినాం మీ నెత్తి మీదనే ఉంట, ఒక్కనాడన్న తలెత్తి సూస్తరా? నేను రూఫును బిడ్డా."

మీకు చెప్పాలి కదా, గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చప్పుడు వింటారు. గట్టిగా పలికితే ఫికర్ లేదు. డొల్లగా పలికితే అది దిగి వచ్చే రకం. తొందరలో, అలవాటులో, తట్టకుండానే పనిలోకి దిగేవాళ్ళుంటారు. ఓదెలు ఆ పైకప్పే తనై, ఒక సోకుగాడై, వేదిక మీద పని చేస్తున్నట్టు నటిస్తున్న కార్మికుడి చుట్టూ తిరిగాడు. "ఇయ్యాళ నన్ను తట్టి సూశినవా? సూడలే. ఎందుకు? నా మీద గంత నమ్మకం. కట్టుకున్న పెండ్లాన్ని సుత గింత నమ్మకపోతివి గదరా!" ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు పెద్దగా లేచింది. అతను నవ్వు తగ్గేదాకా ఆగాడు. ఆ ఆగడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా నాలుగు పేజీల్లో ఒక్క మాట వాడలేదు.

చివర్లో కళ్ళద్దాలు తీశాడు. మొహంలో నవ్వు లేదు. "ఇగ నాకు యాళ్లయింది బిడ్డా" అని మాత్రం అన్నాడు. చేతులు చాచి ఆ కార్మికుడి వేషం వేసినతని మీదికి మెల్లమెల్లగా వంగాడు, వంగి వంగి అతన్ని పూర్తిగా కప్పేశాడు. ఇంకేమీ లేదు. అట్లాగే కాసేపు. హెల్మెట్‌లోని ఈక ఒక్కటే కదులుతున్నది. షామియానా కింద ఎవరూ దగ్గలేదు కూడా. ఆడవాళ్ళలో ఎవరో ఏడ్చారు. పోశం భార్య అక్కడే కూర్చుని ఉందని నాకు తర్వాత తెలిసింది.

నేను వేదిక పక్కన, చేతిలో నా నాలుగు పేజీలతో నిలబడి ఉన్నాను.

ఆ ఏడు వచ్చిన బృందానికి పెద్ద, తమిళనాడు గనుల నుంచి మా కంపెనీకి కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన, అందరూ పెద్దసారు అనేవాళ్ళు. తెలుగు రాదు, హిందీ అసలే రాదు. కార్యక్రమం అయ్యాక మేనేజర్ భోజనాల ఏర్పాటు చూడటానికి ముందే వెళ్ళాడు. పెద్దసారు నన్ను పిలిచి, ఆ నటుడితో మాట్లాడాలి, నా మాట తెలుగులో నువ్వు చెప్పు అన్నాడు. ఓదెలు వచ్చాడు. చెమటతో మొహం మెరుస్తున్నది, కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి.

పెద్దసారు ఇంగ్లీషులో అన్నది ఇది. ఇన్నేళ్ళుగా ఇన్ని గనుల్లో ఇట్లాంటి నాటికలు చూసి విసిగిపోయాను. ఈ రోజు నాకు ఒక్క మాట అర్థం కాలేదు, అయినా పైకప్పంటే భయపడ్డాను. ఈ మనిషి దగ్గర పనాష్ ఉంది. ఆ మాట అంటూ హెల్మెట్‌లోని ఈకను చూపించి తనలో తను నవ్వుకున్నాడు. వెర్వ్ అన్నాడు, ఎలాన్ అన్నాడు, ఇంత జోరు ఏ గనిలోనూ చూడలేదన్నాడు. ఇట్లాంటి వాణ్ణి దుంగలు నిలబెట్టడానికి వాడుకోవడం కంపెనీకే నష్టం. ట్రైనింగ్ సెంటర్‌లో కొత్తవాళ్ళకు చెప్పాలి, గని గనికీ తిరిగి చెప్పాలి, ఇతను చెబితే వింటారు, బతుకుతారు, నేను రాసి ఇస్తాను. రేపు పొద్దున ఇతన్ని గెస్ట్‌హౌస్‌కు తీసుకురా.

ట్రైనింగ్ సెంటర్ అంటే భూమి పైన పని. ఎండా వెలుతురూ ఉండే పని. గనిలో చేసే వాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

పనాష్ అంటే నాకు తెలియదు. ఇది చిన్న విషయమని మీరనుకోవచ్చు. నాకు కాదు. ఎం.ఏ. చదివిన నాకు తెలియని ఇంగ్లీషు మాటతో, నా మాట ఒక్కటీ వాడని ఓదెలును పొగుడుతున్నారు. పైగా ఆ మాటను వాడికి నేనే మోసుకుపోవాలి. 'ఒక్క మాట అర్థం కాలేదు, అయినా భయపడ్డాను' అన్న వాక్యం దగ్గరే నా లోపల ఏదో మూసుకుపోయింది. మాటలే అవసరం లేకపోతే నేనెందుకు?

"పంతులు, పెద్దసారు ఏమంటున్నడు?" అన్నాడు ఓదెలు.

"ఓవర్ అయ్యిందంటున్నడు ఓదెలూ."

"ఓవరా?"

"ఆఁ. మనుషులు సచ్చే సంగతి గదా, గిట్ల నవ్వులాట చెయ్యొద్దంటున్నడు."

ఓదెలు పెద్దసారు వైపు చూశాడు. ఆయన ఇంకా నవ్వుతూ, తల ఊపుతూ ఉన్నాడు.

"మరి నవ్వుకుంటనే అంటున్నడు గద?"

"పెద్దోళ్ళు గట్లనే అంటరు."

అతను హెల్మెట్ తీసి, ఈక పీకి, జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించి పెద్దసారు ముందు వంగి, "తప్పయింది సార్" అన్నాడు. ఆయన దాన్ని కృతజ్ఞత అనుకున్నాడు. భుజం తట్టి, ఎంత వినయమో చూడు అని నాతో అన్నాడు. నేను అవునన్నాను.

ఆ రెండు మొహాలూ నాకు ఇప్పటికీ పక్కపక్కనే కనబడతాయి. ఒకరు మెచ్చుకుంటున్నారు, ఒకరు క్షమించమంటున్నారు, ఇద్దరికీ మధ్య నేను. నోరు తెరిస్తే అప్పుడే సరిపోయేది. పొరపాటు పడ్డాను, సారు మంచిగుందంటున్నడు అనవచ్చు. ఎంతసేపు పడుతుంది? అన్నం తినే వేళ అనలేదు. సాయంత్రం అనలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి మొదట చేసిన పని డిక్షనరీ తీయడం. పనాష్ అంటే వెనకటి రోజుల్లో యోధులు శిరస్త్రాణం మీద పెట్టుకునే ఈకల కుచ్చట. అక్కణ్ణుంచి, చేసే పనిని ఠీవిగా, హుషారుగా, నలుగురూ చూసేట్టు చేసే లక్షణానికి ఆ పేరొచ్చిందట. ఈకను చూపించి ఆయన ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది. బాగుందే అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను, ఒక కొత్త మాట తెలిసిన సంతోషంతో. మనిషి ఇంత విడివిడిగా ఎట్లా ఉండగలడు?

మర్నాడు పొద్దున గెస్ట్‌హౌస్‌కు ఒక్కణ్ణే వెళ్ళాను. అతనికి ఇష్టం లేదట సార్, తోటివాళ్ళను వదిలి రానంటున్నాడు అని చెప్పాను. ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా చెప్పాను. పెద్దసారు అయ్యో అన్నాడు, కాఫీ ఇప్పించాడు, తాగాను. మేనేజర్‌కూ అదే చెప్పాను. మంచి సపోర్ట్‌మన్ చెయ్యి జారిపోనందుకు ఆయన లోపల సంతోషించే ఉంటాడు, మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. మొదటి అబద్ధం చికాకులో నోరు జారింది అని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా, చాలాకాలం. రెండోదానికి ఆ సాకు లేదు. దానికి నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

మా నాటికకు మొదటి బహుమతి వచ్చింది. షీల్డు మీద రచయితగా నా పేరుంది. ఓదెలు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "నేను ఖరాబు చేసిన గానీ, మీ మాటలకే వచ్చింది పంతులు" అన్నాడు. ఎట్లా వస్తుంది, నా మాటలు అక్కడ ఎవరు విన్నారు? అతనికి ఆ అనుమానం రాలేదు. చదువుకున్న వాళ్ళ లెక్కలు వేరే ఉంటాయనుకున్నట్టున్నాడు. నేను టీ తెప్పించాను.

తర్వాతి ఏడు వేషం వెయ్యమంటే అతను వెయ్యనన్నాడు. "నాది ఓవర్ అయితది" అన్నాడట. ఇంకెవరో గొంగడి కప్పుకుని నా 'మానవాధమా' చదివారు. పెద్దగా ఎవరూ వినలేదు. అతను ఒక్కరోజులో మారిపోయాడని చెప్పను, అట్లా ఎవరూ మారరు. ఎర్ర దస్తీ కొంతకాలం ఉంది, తర్వాత కనబడలేదు. హెల్మెట్ నిటారుగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యి గాలిలోకి లేచేది, మధ్యలో ఆగేది, దిగేది. ఒకసారి కూరగాయల మార్కెట్‌లో లక్ష్మి ఆగి, "పంతులు, మా ఆయనకు గని కాడ ఏమన్న అయ్యిందా, ఇంట్ల నవ్వుడే బంద్ వెట్టిండు" అని అడిగింది. నాకేం తెలుసు తల్లీ అన్నాను. సంచిలో బెండకాయలు ఉన్నాయి, అవి కూడా గుర్తున్నాయి.

ఓవర్. గోదావరిఖనిలో బడి మొహం చూడని వాళ్ళకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట. పెద్దసారు దగ్గర అన్ని మంచి మాటలుంటే నేను అతనికి ఇచ్చింది ఇదొక్కటి.

కొన్నేళ్ళకు చౌరస్తా దగ్గర ఒక దుకాణం మీది గదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. హైదరాబాద్ కాల్ సెంటర్లలో ఉద్యోగాలు దొరుకుతున్న రోజులు. జ్యోతినగర్‌లోని కరెంటు ప్లాంటు ఇంజనీర్ల పిల్లలకు ఇంట్లోనే వచ్చే మాటలు మా కార్మికుల పిల్లలకు ఎక్కడ వస్తాయి? ఈ పాపానికి అది పరిహారమా? అట్లా అనుకోవడానికి ప్రయత్నించాను. అయితే ప్రతి బ్యాచ్‌కూ ఒక పాఠం తప్పనిసరిగా చెప్పేవాణ్ణి, సిలబస్‌లో లేకపోయినా. మనిషిలోని జోరునూ సొగసునూ చెప్పే ఇంగ్లీషు మాటలు. ఫ్లెయిర్ అంటే పుట్టుకతో వచ్చిన నేర్పు, ఎవరూ నేర్పనిది. వెర్వ్ అంటే ప్రాణం తొణికిసలాడటం. ఎలాన్‌లో ఒక దూకుడుంటుంది, జంకు ఉండదు. ఫ్లాంబాయంట్‌తో మాత్రం జాగ్రత్త, మెచ్చుకోవడానికీ వాడతారు, ఎత్తిపొడవడానికీ వాడతారు. పనాష్ చివర చెప్పేవాణ్ణి. మనకూ ఉన్నాయి, షోకు అంటాం, ఠీవి అంటాం, అయినా దేనికదే.

ఒకసారి వెనక బెంచీ అమ్మాయి అడిగింది. "సార్, మన ఖనిల ఎవలకన్న ఉన్నదా ఇది? జర ఎగ్జాంపుల్ చెప్పున్రి."

లేదన్నాను.

ఎందుకు చెప్పానంటారు ఆ పాఠం, ఏటేటా? బోర్డు మీద ఆ మాటలు రాస్తే ఓదెలు పేరు రాసినట్టుగా ఉండేది, ఎవరికీ తెలియకుండా. తుడిచేటప్పుడు మళ్ళీ బాధ. ఇది పిరికివాడి ఒప్పుకోలు. నాకు అప్పుడూ తెలుసు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక చౌరస్తాలో రోజూ ఆటాపాటా ఉండేది. గనులు ఆగిపోయిన సమ్మె రోజుల్లో రోడ్డు మీదే వండుకుని తిన్నాం. పాత నాటిక గుర్తున్న కుర్రకారు ఓదెలును వేదిక మీదికి లాగబోతే, అతను చెయ్యి విడిపించుకుని జనంలో వెనక్కి పోవడం చూశాను. అప్పటికి తల నెరిసింది. దగ్గు కూడా ఉంది.

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున నేనూ చౌరస్తాకు పోయాను. డప్పులు, గులాల్, బాణసంచా. దవాఖాన నుంచి డ్యూటీ దిగి వచ్చిన నర్సులు కూడా ఆడుతున్నారు. మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద, ఇస్త్రీ లేని తెల్ల చొక్కాలో, చేతులు కట్టుకుని ఓదెలు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"పంతులు, మీకొక ముచ్చట చెప్పాలె అని ఎన్నటి సందో అనుకుంటున్న" అన్నాడు. "ఆ దినం మీరు మొఖం మీద చెప్పిన్రు. ఇంకొకలైతే మంచిగ చేసినవని చెప్పి, ఎనుక నవ్వుకునేటోళ్ళు. మా అన్న సావు మీద నేను నవ్వులాట ఆడిన అని నాకు అప్పుడు సమజైంది. మా వదినె సుత గాడనే ఉండె. ఇగ కొత్త పోరగాండ్లకు గదే చెప్త. పెద్దసారు నాకొక మాట చెప్పిండు, మా పంతులు దాన్ని దాయకుంట నాకు చెప్పిండు అని."

నేను "అట్లనా" అన్నాను.

నిజం చెప్పినా డప్పుల మోతలో వినబడదేమో అనుకున్నాను, వినబడేది. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది ఒకటి. ఒక మంచి పని అతనికి దక్కకుండా చేశాను, భూమి కింద ఇన్నేళ్ళు ఉంచేశాను, అంతవరకే నా తప్పు అనుకున్నాను. ఆ మెట్ల మీద తెలిసింది వేరు. అతను తన అన్న కోసం చేసిన దాన్ని, అన్నకు చేసిన అవమానంగా మార్చి అతని చేతికే ఇచ్చాను. అతను దాన్ని దాచుకున్నాడు. పదిమందికి చెబుతున్నాడు. నా పేరు కలిపి చెబుతున్నాడు. నిజాయితీ గలవాడినని.

అప్పుడు కిందికి చూశాను. చెప్పుల్లో అతని కాలు డప్పుకు తగ్గట్టు కదులుతున్నది. మడమ ఆనించి, వేళ్ళు మాత్రం. నేను చూడటం అతను చూశాడు. కాలు ఆపేశాడు. "అలవాటు" అన్నాడు, కొంచెం నవ్వి.

నాకు ఏడుపొచ్చింది. ఎవరో వచ్చి ఇద్దరి మొహాలకూ గులాల్ పూశారు. అది కళ్ళల్లో పడిందనుకుని అతను తన దస్తీ ఇచ్చాడు. తెల్ల దస్తీ.

వెళ్ళి చెప్పెయ్యరాదా అని మీరు అడుగుతారు. అతను ఇక్కడే ఉన్నాడు, మా ఇంటి నుంచి నడిచిపోయే దూరం. పోదామని రెండుమూడుసార్లు చెప్పులు వేసుకున్నాను. ఇప్పుడు చెబితే అతనికి మిగిలేదేమిటి? పోయిన పని తిరిగి రాదు, పోయిన ఆ ఏళ్ళు రావు, పంతులు నిజం చెప్పాడన్న నమ్మకం కూడా పోతుంది. అది అతనికి ఉన్న ఆధారమేమో, నేనెందుకు లాగాలి? ఈ వాదన బాగుంది. మరీ బాగుంది. నన్ను కాపాడే ప్రతి వాదనా ఇంత బాగానే ఉంటుందని నాకు తెలియదా? అతను ఏమంటాడోనని భయం, అంతే. అతను ఏమీ అనకుండా మళ్ళీ చేతులు జోడిస్తాడేమోనని ఇంకా భయం. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించేది కాదు ఇది. ఎవరికో ఒకరికి, ఒక్కసారి, ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది.

ఆ రోజు షామియానా పక్కన నేను చెప్పవలసింది ఇది. అప్పుడు చెప్పవలసినట్టే రాస్తున్నాను.

"ఓదెలూ, సారుకు మన మాట ఒక్కటి సమజ్ కాలేదట. గయినా నిన్ను సూస్తే రూఫంటే భయమైందంటున్నడు. గీ ఈక ఉన్నది సూడు, గట్ల తలెత్తుకోని ఉంటదట నీ పని. గింత షోకు, గింత జోరు, గింత హుషారున్న మనిషిని ఏ గనిల సూడలేదంటున్నడు. నిన్ను కింద ఉంచద్దట, పైకి తీస్కపోతడట. నువ్వు చెప్తె పోరగాండ్లు ఇంటరు, బతుకుతరంటున్నడు. రేపు పొద్దుగాల గెస్ట్‌హౌస్‌కు రమ్మంటున్నడు. మీ అన్న ఉంటే మస్తు సంబరపడుతుండె."

చివరి వాక్యం నాది. మిగతాదంతా పెద్దసారు అన్నదే. అందులో ఓవర్ అన్న మాట లేదు.